కనురెప్ప వెంట్రుకకు బాణం గుర్తు

మొదటి వారం నేను ఎంతో శ్రద్ధగా గీసిన బొమ్మ నా కనురెప్ప వెంట్రుకది. గీసేటప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. మైక్రోస్కోపులో గులాబీ రంగు మీద నల్లటి సన్నని గీత ఒకటి వంపు తిరిగి కనిపించింది. అలాంటి చోట నరపు పోగు ఉంటుందని ముందు రోజే పుస్తకంలో చదివాను కాబట్టి, స్కేలు పెట్టి బాణం గుర్తు వేసి, 'నరపు పోగు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. టీచరమ్మ నా వెనక నిలబడి కాసేపు చూశారు.

"ఒకసారి రెప్ప ఆర్పండి," అన్నారు.

ఆర్పాను. నరం కదిలింది.

గదిలో ఉన్న పద్దెనిమిది మందీ నవ్వారు. అందరూ ఇరవై దాటనివాళ్ళు. నేనూ నవ్వాను. అయితే నా నవ్వు వాళ్ళ నవ్వు కంటే రెండు క్షణాలు ఆలస్యంగా మొదలై, రెండు క్షణాలు ముందే ఆగిపోయింది. ఇలాంటివి లెక్కపెట్టుకోవడం నాకు పాత అలవాటు.

నాకు ముప్పై రెండేళ్ళు. ఆసుపత్రిలో ఎముకల విభాగంలో పిండికట్లు వేస్తాను. ఎప్పుడూ మోచేతుల దాకా తెల్లగా ఉంటాను కాబట్టి అక్కడ అందరూ పిండిబాబు అంటారు. విరిగిన చెయ్యి లోపల ఎలా ఉందో చూసేది ఒకరు, ఏం చెయ్యాలో చెప్పేది ఇంకొకరు, తడి పట్టీ చుట్టేది నేను. చుట్టిన కట్టు వేడెక్కి గట్టిపడే దాకా రోగి చేతిని పట్టుకుని కూర్చోవాలి. ఆ కాసేపట్లోనే వాళ్ళకు అనుమానాలన్నీ వస్తాయి. ఎన్నాళ్ళకు అతుక్కుంటుంది, మళ్ళీ బరువెత్తగలనా, వేళ్ళెందుకు తిమ్మిరెక్కుతున్నాయి. "డాక్టరు గారిని అడగండి" అని తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను. ఆ మాట నా నోటికి ఎంత అలవాటైపోయిందంటే, ఒకసారి ఒకావిడ టైమెంతయింది బాబూ అని అడిగితే కూడా అదే చెప్పాను.

ఫిజీషియన్ అసిస్టెంట్ చదువు చదవాలని నాకు అప్పుడే అనిపించింది. ఇంట్లో చెబితే మా బావ, సిటీ బస్సు నడిపే మనిషి, స్టీరింగు తిప్పినట్టు కంచం తిప్పుతూ అడిగాడు.

"అంటే డాక్టరు గారి బ్యాగు మోస్తావా?"

"కాదు బావా. డాక్టరు పర్యవేక్షణలో ఉంటారు. రోగిని చూస్తారు, పరీక్షలు చేయిస్తారు, మందులు రాస్తారు."

"మరి డాక్టరేం చేస్తాడు?"

"ఆయనా అదే చేస్తాడు."

"అయితే బ్యాగెవరు మోస్తార్రా?"

ఆ చదువులో చేరాలంటే ముందు కొన్ని సైన్సు కోర్సులు పూర్తిచేసి ఉండాలి. ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు కాలేజీకి వెళుతూ, నాలుగేళ్ళలో ఎనిమిదీ గట్టెక్కించాను. సగటు డెబ్బై ఒకటి. డెబ్బైకి తగ్గితే దరఖాస్తే తీసుకోరు. అంటే గీత మీద ఒంటికాలితో నిలబడి ఉన్నాను. దరఖాస్తుకు ఇంకా ఐదు నెలలుంది. బుద్ధున్నవాడెవడైనా ఆ ఐదు నెలలూ కదలకుండా నిలబడతాడు. నేను కణజాల శాస్త్రం తీసుకున్నాను. అది తప్పనిసరి కాదు. జాబితా అడుగున, 'ఐచ్ఛికం' అన్న శీర్షిక కింద, ఎవరూ పిలవని చుట్టంలా ఉంది.

కాలేజీలో సలహాలిచ్చే ఆయన నా కాగితాలు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అక్కర్లేని కోర్సు బాబూ ఇది. బాగా వస్తే ఎవరూ అడగరు. చెడితే అందరూ అడుగుతారు. అరవై రెండుకి ఒక్కటి తగ్గినా నీ సగటు డెబ్బై కిందికి జారుతుంది. ఎందుకు చెప్పు?"

ముందు ముందు పనికొస్తుందని, పునాది గట్టిపడుతుందని ఏదో చెప్పాను. అవి అబద్ధాలు కావు. కానీ ఆ వాక్యాల వెనక ఇంకొకటి కూర్చుని ఉంది. అక్కర్లేనిది చేసేవాడు అక్కరున్నవన్నీ ఎప్పుడో చేసేసి ఉంటాడని చూసేవాళ్ళు అనుకుంటారు. నేను అలా కనబడాలనుకున్నాను. ఎవరికి అని అడిగితే చెప్పలేను. ఎక్కడో ఒక పెద్ద బల్ల ఉంది, దాని వెనక ముఖాల్లేని ముగ్గురు కూర్చుని నన్నే చూస్తున్నారు. చిన్నప్పటి నుంచీ వాళ్ళు అక్కడే ఉన్నారు.

టీచరమ్మ పద్ధతి విచిత్రమైనది. బొమ్మల పుస్తకంలో ప్రతి పేజీనీ నిలువు గీతతో రెండు చేయించారు. ఎడమ వైపు 'కనిపించింది'. కుడి వైపు 'అనుకున్నది'. కుడి వైపు ఎంత రాసినా ఆవిడకు అభ్యంతరం లేదు. కుడి వైపు ఉండాల్సింది ఎడమ వైపు దూరితే మాత్రం తప్పుకు రెండు మార్కులు కోత. నీడలు వేయకూడదు, రంగులు వేయకూడదు, పుస్తకం తెరవకూడదు. పెన్సిలూ, కన్నూ, అంతే.

నా పుస్తకం నిండా ఎర్ర సిరా. రెండో వారం ఒక గాలి బుడగను గ్రంథి నాళం అని గీశాను. బుడగ అంచు నల్లగా, ఒత్తుగా, ఎంత అందంగా ఉందంటే అది శరీరంలోది కాదని ఎవరైనా అనుమానించాలి. మూడో వారం కాలేయం. నలభై కణాలు గీసి నలభైలోనూ కేంద్రకం పెట్టాను.

"ఇవన్నీ కనిపించాయా?" అన్నారు టీచరమ్మ.

"కణం అన్నాక కేంద్రకం ఉంటుంది కదా మేడమ్."

"ఉంటుంది. నారింజ పండులో గింజ కూడా ఉంటుంది. పండును పల్చగా చక్రాల్లా కోస్తే ప్రతి చక్రంలో గింజ వస్తుందా?"

రాదు. మైక్రోస్కోపు కింద పెట్టేది కణాన్ని కాదు, కణంలోంచి కోసిన ఒక పొరని. కత్తి ఎక్కడ పడిందో దాన్ని బట్టి కొన్నిట్లో కేంద్రకం ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. మళ్ళీ కన్ను పెట్టి చూశాను. నిజమే, చాలా గదులు ఖాళీ. నలభైలో పదిహేడు. అంతకు ముందు అరగంట చూసినప్పుడు ఆ ఖాళీలు నాకు ఎక్కడికి పోయాయి? నేను చూడలేదని కాదు. చూసి, వెంటనే నింపేశాను. నింపినట్టు నాకే తెలియలేదు. ఆ సాయంత్రం బస్సులో అదే ఆలోచన. ఎదుటి సీట్లో నిద్రపోతున్న ఆయన అలసిపోయాడు పాపం అనుకున్నాను. తర్వాత అనుకున్నాను, కళ్ళు మూసుకున్నాడు, అంతవరకే కనిపించింది. అంతలో ఆయన కళ్ళు తెరిచి, "ఏంటండీ, అలా చూస్తున్నారు?" అన్నాడు. నా స్టాపుకు ఇంకా రెండు స్టాపులున్నా దిగిపోయాను.

ఏడో వారం, కోర్సు మధ్యలో పెట్టే పరీక్ష మార్కులు వచ్చాయి. నలభై ఒకటి. దానికి మొత్తంలో మూడో వంతు విలువ. మిగిలిన రెండు వంతుల్లో డెబ్బై మూడు దాకా తెచ్చుకుంటే తప్ప అరవై రెండు రాదు. కోర్సు మానుకోవాలంటే ఎనిమిదో వారం శుక్రవారం సాయంత్రం ఐదింటి దాకా గడువుంది. మానుకుంటే మార్కులు లెక్కలోకి రావు, నా డెబ్బై ఒకటి నాకుంటుంది. ఫారం తెచ్చుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఎవరిదో కోటు చేతులు పొట్టి చేస్తోంది. మా ముందు గదిలో కుట్టుమిషనుకు కిటికీ పక్కన శాశ్వత స్థానం. మిగతా సామానూ, బావా, నేనూ దాని చుట్టూ సర్దుకుంటాం. ఫారం చూపించాను. అక్క చదవలేదు, అంచు పట్టుకుని కాగితం మందం చూసింది. దానికి ఏదైనా గుడ్డే.

"మానేస్తావా?"

"మానేస్తే దరఖాస్తు భద్రంగా ఉంటుంది."

"నేనడిగింది అది కాదు గానీ, అసలు అక్కడ కష్టమేంట్రా నీకు? రాత్రింబవళ్ళు చదువుతావుగా."

నలభై కేంద్రకాల సంగతి చెప్పాను. కనురెప్ప సంగతి కూడా. అక్క మిషను ఆపేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది. నోట్లో గుండుసూదులుండగా నవ్వకూడదని దానికో నియమం ఉంది. అందుకని ముందు సూదులు తీసింది.

"ఏవండీ, ఇటు రండి. వీడు మళ్ళీ కళ్ళ పరీక్ష రాశాడు."

"కళ్ళ పరీక్షేంటే?" బావ తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు.

"మూడో తరగతిలో బడికి కళ్ళ డాక్టరొచ్చాడు. గోడకి అక్షరాల అట్ట. వీడు వరసలో పదకొండోవాడు. ముందున్న పదిమంది చదివింది విని, అట్టంతా కంఠస్థం చేసి, గడగడా అప్పజెప్పేశాడు. 'చూపు దివ్యంగా ఉంది' అని కాగితం మీద రాసిచ్చారు. మా నాన్న దానికి ఫ్రేమ్ కట్టించలేదంతే. రెండేళ్ళు, రెండేళ్ళండీ, బోర్డు మీద ఏముందో వీడికి తెలీదు. ఒకరోజు రోడ్డు మీద నన్ను దాటుకుంటూ వెళ్ళిపోయి, వెనకొస్తున్న ఎవరో ఆవిడని అక్కా అన్నాడు."

"ఆవిడేమంది?" బావ ఆసక్తిగా అడిగాడు.

"చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి దిగబెట్టింది."

వాళ్ళిద్దరూ నవ్వుతుంటే నేను నా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆ రోజు వరసలో నిలబడటం నాకు బాగా గుర్తు. అట్ట తెల్లటి మసకలా ఉంది. అది చదవాల్సింది అని నాకు తోచలేదు. పరీక్ష అన్నారు కాబట్టి సరైన జవాబు చెప్పాలి. కనిపించడం లేదు అనేది కూడా ఒక జవాబే అని, ఆ గదిలో నేను చెప్పగలిగిన సరైన జవాబు అదొక్కటే అని, ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఎలా తెలుస్తుంది? ముప్పై రెండేళ్ళవాడికి తెలియకపోవడమే ఆలోచించాల్సిన విషయం.

"మానెయ్యడం నీ ఇష్టం రా చిన్నోడా," అంది అక్క సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకునే ముందు. "కాకపోతే ఈసారైనా నిజంగా చదివి తప్పితే, నేనేం అనుకోను."

శుక్రవారం ఫారం నింపి, సంతకం పెట్టి, చొక్కా జేబులో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. నాలుగింటికి పని అయిపోతుంది, కాలేజీ అరగంట దూరం.

మూడింటికి మంగలి అన్న వచ్చాడు. మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్న మనిషి. ఎనిమిది రోజుల క్రితం కట్టు వేసింది నేనే. ఆ ఎనిమిది రోజుల్లో ఇది నాలుగోసారి రావడం. ప్రతిసారీ ఒకటే ఫిర్యాదు, ఏదో ఇబ్బందిగా ఉందని. ఎక్కడ అంటే, చెయ్యంతా అంటాడు. ఆ తర్వాత వీధిలో వాళ్ళందరి కబుర్లూ చెబుతాడు. కుర్చీ ఖాళీగా ఉన్న మంగలికి మాట్లాడే మనిషి కావాలి, అందుకే వస్తున్నాడని నేను మొదటి రోజే తేల్చేశాను. రిజిస్టరులో ఆయన పేరు ఎదురుగా మూడుసార్లు నా చేతిరాతే. 'వేళ్ళు బాగున్నాయి. సమస్య లేదు.' అది నేను అందరికీ రాసే వాక్యం.

"వచ్చావా అన్నా," అన్నాను.

"వచ్చానయ్యా పిండిబాబూ. నువ్వేమీ లేదంటావని తెలుసు. ఆ మాట నీ నోటితో వింటే ఓ పూట హాయిగా ఉంటుంది."

రిజిస్టరు తెరిచాను. పెన్ను 'వే' దాకా వచ్చి ఆగింది. పేజీ మధ్యలో గీత లేదు గానీ నాకు కనిపించింది. 'సమస్య లేదు' కుడి వైపుది. ఎడమ వైపు ఏముంది? ఏమీ లేదు. మూడుసార్లు చూశానని అనుకున్నాను. ఆ చెయ్యి ఎలా ఉందో, కళ్ళు మూసుకుని చెప్పమంటే చెప్పలేను.

స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. "నువ్వు మాట్లాడుతూ ఉండన్నా."

"దానికి నన్ను అడగాలా?" అని మొదలుపెట్టాడు. పక్క వీధి మేస్త్రీ కూతురి పెళ్ళి, పెళ్ళికొడుకు నెత్తి మీద మూడు సుడులు. ఆ మూడు సుడులనూ దువ్వెనకు లొంగదీయడం ఎలాగో చెబుతూ ఆయన కుడి చెయ్యి గాలిలో కత్తిరిస్తోంది. బొటనవేలు విచ్చుకుంటోంది, మూసుకుంటోంది. విచ్చుకుంటోంది, మూసుకుంటోంది. ముప్పై ఏళ్ళ కత్తెర, కట్టులో ఉన్నా ఆగడం లేదు. విచ్చుకున్న ప్రతిసారీ బొటనవేలి మొదలు కట్టు అంచుకు తగులుతోంది. అక్కడ చర్మం ఎర్రగా, రూపాయి బిళ్ళంత మేర కందిపోయి, మధ్యలో చిన్న నీటి పొక్కు. అంచు ఉండాల్సిన చోటు కంటే వేలెడు ముందుకు వచ్చింది. ఆ అంచు నాది.

రాయడానికి మాటలు చాలలేదు. జేబులోంచి కాగితం తీసి, వెనక వైపు బొమ్మ గీశాను. నీడలు లేవు. బొటనవేలు, అంచు, ఎర్రదనం ఎంత మేరో చుక్కల గీత, పొక్కు. బాణాలు నాలుగు, పక్కన మాటలు నాలుగు. తర్వాత కత్తెర తీసుకుని అంచును వేలెడంత కోసి, మెత్తటి పట్టీ మడిచి అంటించాను.

మంగలి అన్న గాలిలో రెండుసార్లు కత్తిరించి చూసుకున్నాడు.

"ఇదే కదయ్యా నేను చెబుతున్నది," అన్నాడు.

"చెయ్యంతా అన్నావు కదన్నా."

"చెయ్యి నాది, చూడ్డం నీది. అన్నీ నేనే చెయ్యాలా?"

మా విభాగంలో ఫిజీషియన్ అసిస్టెంట్ మేడమ్ వచ్చి పొక్కు చూసి, మందు రాసి, రిజిస్టరు ముందుకు లాక్కున్నారు. నాకు ఆవిడంటే భయమూ, ఆశా రెండూ. నా దరఖాస్తుకు సిఫారసు రాయాల్సింది ఆవిడే.

"మూడుసార్లు 'సమస్య లేదు' అని రాసిందెవరు?"

"నేనే మేడమ్."

"ఇవాళ ఇది గీసింది?"

"అదీ నేనే."

ఆవిడ నన్నూ, బొమ్మనూ మార్చి మార్చి చూశారు. "ఇద్దరిలో రేపు డ్యూటీకి ఎవరొస్తున్నారు?"

నవ్వు ఆపుకోలేకపోయాను. కణజాల శాస్త్రం తరగతి గురించి చెప్పాను, గీత మధ్యలో ఉన్న పేజీ గురించి కూడా. ఫిజీషియన్ అసిస్టెంట్ చదువుకు ఆ కోర్సు నిజంగా పనికొస్తుందా అని అడిగాను.

"నేను తీసుకోలేదు. అయినా గట్టెక్కాను. అక్కడ ఆ పాఠమంతా రెండు వారాల్లో చెప్పి పారేశారు, ఊపిరాడలేదు. ముందే చదివినవాళ్ళకు కాస్త ఆడినట్టు కనిపించింది. అంతకు మించి నాకు తెలీదు." ఆవిడ కాగితాన్ని మంగలి అన్న ఫైలులో పిన్ను కొట్టబోతూ తిరగేశారు. "దీని వెనక ఏదో ఫారం ఉందే. సంతకం కూడా ఉంది. ఇది ఎక్కడైనా ఇవ్వాలా?"

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. కాలేజీ అరగంట. ఇంకో ఫారం దొరుకుతుంది, అదేమంత పెద్ద పని కాదు.

"అక్కర్లేదు మేడమ్. పిన్ను కొట్టెయ్యండి," అన్నాను.

ఆ మాట అన్నది ధైర్యవంతుడు కాదు. ఇంటికి వెళ్ళే దారంతా నా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. డెబ్బై మూడు, డెబ్బై మూడు అని బస్సు చక్రాలు జపం చేశాయి. కానీ వణుకుతున్న కాళ్ళను నేను తీరిగ్గా గమనించాను. ఎడమ కాలు కొంచెం ఎక్కువ వణికింది.

చివరి పరీక్షలో ఇరవై బల్లలు, ఇరవై మైక్రోస్కోపులు. రెండు నిమిషాలకొకసారి గంట కొడతారు, పక్క బల్లకు జరగాలి. శ్వాసనాళం, నాలుక, మూత్రపిండం. కొన్ని పోల్చాను, కొన్ని పోల్చలేక ఎడమ వైపు మాత్రం గీసి కుడి వైపు వదిలేశాను. పద్నాలుగో బల్ల దగ్గర కన్ను పెడితే తెల్లటి వెలుగు, మధ్యలో నల్ల అంచుతో ఒక గుండ్రం. గాజు పలకను అటూ ఇటూ జరిపాను. ఇంకేమీ లేదు. నా ముందున్న అమ్మాయి ఈ బల్ల దగ్గర చకచకా రాయడం చూశాను. ఆ కాసేపట్లో నాకు గుర్తొచ్చిన గ్రంథులూ, నాళాలూ అన్నీ ఇన్నీ కావు. బల్ల వెనక ముఖాల్లేని ముగ్గురూ ముందుకు వంగారు.

ఎడమ వైపు ఒక గుండ్రం గీసి రాశాను: 'గాలి బుడగ. కణజాలం కనిపించలేదు.' గంట కొట్టేలోపు అనుమానం వచ్చి రెప్ప కూడా ఆర్పి చూశాను.

అరవై నాలుగు వచ్చింది. సగటు డెబ్బైకి పైన కొసరు మాత్రం మిగిలింది. టీచరమ్మ పుస్తకం తిరిగిస్తూ, పద్నాలుగో బల్ల దగ్గర పంతొమ్మిది మందిలో ఏడుగురికే మార్కులు వచ్చాయని చెప్పి, "మీకు గాలి బుడగలతో పాత పరిచయం కదా," అన్నారు.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. తప్పనిసరి కాని కోర్సు ఏదైనా తీసుకుని ఉంటే అది మీకెలా తోడ్పడిందో రాయండి. జాగా ఐదు గీతలు. మొదట పునాది అనీ, విశాల దృష్టి అనీ రాశాను. చదువుకుంటే అంతా కుడి వైపుదే. కొట్టేసి, కనురెప్ప వెంట్రుక, మంగలి బొటనవేలు, నలభై ఒకటి, అరవై నాలుగు అని రాశాను. పేర్లలో సగం మరిచిపోయానని కూడా రాశాను. అక్క చదివి, "ఇలా రాస్తే పిలుస్తార్రా?" అంది.

"తెలీదక్కా."

అక్క నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూసింది.

పిలిచారు. వచ్చే మంగళవారం ముఖాముఖి. బల్ల వెనక ఎందరుంటారో తెలియదు, ముఖాలు మాత్రం ఉంటాయని ఉత్తరం కింద మూడు సంతకాలను బట్టి అనుకుంటున్నాను. అందుకని ఈ ఉదయం క్షవరానికి వెళ్ళాను. కట్టు విప్పి రెండు నెలలైన మంగలి అన్న, రోజుకు నాలుగు తలలే చేస్తున్నవాడు, నన్ను మొదటి కుర్చీలో కూర్చోబెట్టాడు. కత్తెర విచ్చుకుంటూ మూసుకుంటూ ఉంది. పెళ్ళికొడుకు మూడు సుడుల కథ చివరికి ఏమైందో ఇవాళ తెలిసింది. సుడులు గెలిచాయి.

పని అయ్యాక ఆయన చేతి అద్దాన్ని నా వెనక పట్టుకున్నాడు. జీవితంలో ఎన్నిసార్లు ఆ అద్దంలోకి చూశానో, అన్నిసార్లూ 'బాగుంది' అన్నాను. అందరూ అంటారు. ఇవాళ కళ్ళజోడు పెట్టుకుని చూశాను. నా తల వెనక భాగం, రెండు చెవులు, మెడ మీద ఒక పుట్టుమచ్చ. అది అక్కడున్నట్టు నాకు ఇప్పటిదాకా తెలియదు.

"అన్నా, ఎడమ చెవి దగ్గర కాస్త ఎక్కువుంది."

ఆయన అద్దం దించి, వంగి, నా తలను ఒక కన్ను మూసి చూశాడు.

"ముప్పై ఏళ్ళుగా ఈ అద్దం పడుతున్నానయ్యా," అన్నాడు. "అందులోకి చూసినవాడివి నువ్వొక్కడివే." అని కత్తెర మళ్ళీ చేతిలోకి తీసుకుని, "కదలకు. చెవి ఎక్కడుందో నేను చూసుకోవాలి," అన్నాడు.